పెత్రమాస నుంచి వెనక్కి లెక్కపెట్టండి: పట్టుకుచ్చు, గునుగు, బొగడబంతి సాగు



పోయిన ఏడు పెట్టిన పట్టుకుచ్చు వీడియో చూసి ఇప్పుడు ఫోన్లు చేస్తున్నరు. "తమ్మీ, జూన్ పదో తారీఖుకు నారు పోస్తున్నం, విత్తనం ఎంత పడుతది?" అని. ముందు ఆగండి. వీడియోలో నేను చెప్పిన తేదీ 2025 పండుగకు చెప్పింది. ఈ ఏడు కూడా అదే తేదీకి పోస్తే పువ్వు మంచిగనే వస్తది, కొనేటోళ్లే ఉండరు. 2023లో నాకు అయింది అదే. అందుకే ఈసారి వీడియోకు తోడు ఇంత పొడుగు రాస్తున్న. వీడియోలో చేతులు ఎట్ల కదులుతయో కనబడుతది గానీ, వెనక ఉన్న లెక్క కనబడదు.

మాది కరీంనగర్ జిల్లా చొప్పదండి మండలం. మూడెకరాల ఎర్ర చెలక, ఒక బోరు. వ్యవసాయ డిప్లొమా చదివి కొన్నేండ్లు విత్తనాల ఉద్యోగం చేసి 2019లో ఊరికొచ్చిన. ఇరవై గుంటలు పూలకు ఇచ్చిన, మిగతాది మక్క, కంది, కూరగాయలు. అంతా ప్రకృతి పద్ధతే.

గునుగు ఎవడన్న విత్తుతడా?

2022లో మొదటిసారి నేను గునుగు గింజ చల్లుతుంటే మా బాపు గెట్టు మీద నిలబడి చూసిండు. "నలభై ఏండ్లు జొన్న చేన్ల దీన్ని పీకి పీకి నా నడుము పోయింది. నువ్వు చదువుకొని వచ్చి కలుపును విత్తుతున్నవారా?" అన్నడు. ఆయన మాటలో తప్పు లేదు. గునుగు అసలు కలుపే. తొలకరికి మొలిచి, ఒక్క మొక్క వేల గింజలు రాల్చి, నాలుగేండ్లు వెంటాడుతది.

కానీ ఆ పండుగకే మా చెల్లె, వదిన ఇద్దరు గునుగు కోసం ఆరు కిలోమీటర్లు పోయి, రెండు పిడికిళ్లు తెచ్చుకున్నరు. పత్తి చేన్లకు, మక్క చేన్లకు గడ్డిమందు అలవాటైనంక గెట్ల మీద కూడా గునుగు మిగుల్తలేదు. బతుకమ్మ పేర్చాలంటే మాత్రం అడుగు వరుసల్ల గునుగు, తంగేడు లేనిది ఎట్ల? తంగేడు మన రాష్ట్ర పువ్వు, అది పొద, దాని సంగతి వేరే. దాన్ని కొమ్మలకు కొమ్మలు విరిచి తెచ్చుడు బంద్ చేస్తే అదే బతుకుతది. గునుగు, పట్టుకుచ్చు, బొగడబంతి, బంతి మాత్రం ఏడాది మొక్కలు. గింజ పెడితేనే పువ్వు.

ఇంకో మాట. ఈ పూలు ఆడబిడ్డలు చేతుల్ల పట్టుకొని గంటలకొద్దీ పేరుస్తరు, పొద్దుగూకినంక చెరువుల వేస్తరు. మందు కొట్టిన బంతి అయితే ఆ మందు పోయేది ఆ చెరువులకే. కరీంనగర్‌లో టవర్ సర్కిల్ చుట్టుపక్కల పూలు అమ్ముతుంటే "మందు కొట్టిన పువ్వా, కొట్టని పువ్వా?" అని అడిగి కొనేటోళ్లను ఇప్పుడు చూస్తున్న. మూడేండ్ల కింద ఒక్కరు అడగలే.

2023లో ఏమైంది

2022లో పెత్రమాస సెప్టెంబర్ 25న వచ్చింది. జూన్ 14న నారు పోసిన, సరిగ్గా పండుగ వారానికి పట్టుకుచ్చు తలలు నిండినయ్. అమ్మకం మంచిగైంది. నాకు ధైర్యం వచ్చి 2023లో రెట్టింపు వేసిన, అదే జూన్ 14కు. అధిక శ్రావణం వచ్చిన సంగతి ఇంట్ల అందరికి తెలుసు, నాకు కూడా తెలుసు. నారుమడికి, పంచాంగానికి ముడి ఉందని మాత్రం తట్టలేదు.

ఆ ఏడు జూలై ఆఖరుకు కుండపోత వానలు, ఆగస్టు అంతా ఎండ. రెండింటినీ దాటి పట్టుకుచ్చు నిలబడ్డది. సెప్టెంబర్ మూడో వారానికి చేను ఎర్రగా కనబడుతుంటే దారిన పోయేటోళ్లు ఆగి ఫోటోలు దిగుతున్నరు. పెత్రమాస అక్టోబర్ 14న! ఇంకా నాలుగు వారాలు. తలలు బరువెక్కి వంగినయ్, మడతల్ల నీళ్లు నిలిచి లోపల మురిగినయ్, అడుగు భాగం గింజకొచ్చి గోధుమ రంగు తిరిగింది. బంతి పరిస్థితి కూడా అంతే. పండుగ నాటికి నా దగ్గర అమ్మేంత పువ్వు నాలుగో వంతు లేదు. డ్రిప్ కోసం తెచ్చిన అప్పు మిత్తి ఆ ఏడు బర్రెల పాల పైసలతోని కట్టినం.

ఆ పాడైన పువ్వుల నుంచే నాకు ఎండు పూల పని దొరికింది. అది తర్వాత చెప్తా. ముందు తేదీల లెక్క.

పండుగ జరుగుతది, మొక్కకు తెలియదు

చాంద్రమాన ఏడాది 354 రోజులది. మన క్యాలెండర్ కంటే పదకొండు రోజులు తక్కువ. అందుకే పండుగ ఏటా పది పన్నెండు రోజులు ముందుకు వస్తది, రెండు మూడేండ్లకోసారి అధిక మాసం వచ్చి ఒక్కసారే పందొమ్మిది రోజులు వెనక్కి పోతది. చూడండి: 2022లో సెప్టెంబర్ 25, 2023లో అక్టోబర్ 14, 2024లో అక్టోబర్ 2, 2025లో సెప్టెంబర్ 21. ఈ ఏడు అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి 2026లో పెత్రమాస అక్టోబర్ 10. పోయిన ఏటికి, ఈ ఏటికి పందొమ్మిది రోజుల తేడా.

2020లో అయితే అధికం ఆశ్వయుజానికే వచ్చింది. పెత్రమాస సెప్టెంబర్ 17న అయితే, బతుకమ్మ ఆడింది అక్టోబర్‌లో. అసువంటి ఏడు పెత్రమాసను కాదు, సద్దుల రోజును పట్టుకొని లెక్కపెట్టాలె. వేములవాడ దిక్కు ఏడో రోజే సద్దులు చేస్తరు, అక్కడ అమ్మేటోళ్లు రెండు రోజులు ముందే కోతకు తయారుండాలె.

మెక్సికోలో బంతి రైతులకు కూడా ఇసువంటి పండుగే ఉంది. నవంబర్ 1, 2 తారీఖుల్ల చనిపోయినోళ్లను తలుచుకునే పండుగ. సమాధులను బంతిపూలతోనే నింపుతరు. ప్యూబ్లా రాష్ట్రంల దీన్ని పెద్ద ఎత్తున పండిస్తరు. బంతి పుట్టిల్లు కూడా ఆ దేశమే. కానీ వాళ్ల తేదీ ఏనాడూ మారదు, తాత ఏ రోజు విత్తిండో మనుమడు అదే రోజు విత్తొచ్చు. మనకు ఆ సుఖం లేదు.

ఇంకో చిక్కు. పండుగ పందొమ్మిది రోజులు జరిగితే నారు కూడా పందొమ్మిది రోజులు జరిపితే సరిపోతదా? సరిపోదు. పట్టుకుచ్చు, గునుగు, బంతి మూడూ పగలు తగ్గుతుంటే తొందరగా పువ్వుకొచ్చే జాతులు. జూన్‌లో మన దగ్గర పగలు పదమూడు గంటలు దాటి ఉంటది, సెప్టెంబర్ ఆఖరుకు పన్నెండుకు దిగుతది. జూన్ మధ్యల పోసిన పట్టుకుచ్చు నా చేన్ల తల నిండడానికి 95 రోజులు తీసుకున్నది. 2024లో జూలై మధ్యల పోసిన మడి 80 రోజులకే నిండింది. ఆలస్యంగా విత్తిన మొక్క ఎదగక ముందే పువ్వు మీదికి పోతది. కాండం జానెడు తక్కువ, తల పిడికెడు.

అంటే విడతలు విడతలుగా పోస్తే పువ్వు కూడా అంతే దూరం విడతలుగా వస్తదనుకోవద్దు. అన్నీ దగ్గర దగ్గరికే వస్తయ్, తేడా సైజుల వస్తది. నాకు ఇది మొదట నష్టం అనిపించింది. తర్వాత చూస్తే చిన్న తలలకు కూడా గిరాకీ ఉంది, పిల్లలు పేర్చే చిన్న బతుకమ్మలకు అవే కావాలె.

ఈ ఏటికి నేను పెట్టుకున్న తేదీలు ఇవి. పట్టుకుచ్చు నారు జూన్ 25, జూలై 5, జూలై 15, మూడు మడులు. మొదటి మడి మీదనే సగం ఆశ. గునుగు నేరుగా చల్లుడే, జూలై 10 దాటినంక. బొగడబంతి పగటి పొడుగును అంత పట్టించుకోదు, ఒకసారి మొదలైతే చలికాలం దాకా పూస్తనే ఉంటది. అది జూన్ ఆఖరుకు పోస్తే చాలు. బంతికి రకాన్ని బట్టి చూడాలె. పుసా నారింగి లాంటివి నారు పోసినప్పటి నుంచి 125 రోజులకు పైనే తీసుకుంటయ్, అక్టోబర్ 10కి అందాలంటే జూన్ మొదటి వారంలనే నారు పడాలె. మార్కెట్‌ల దొరికే హైబ్రిడ్లు నాటిన రెండు నెలలకు పూస్తయ్, వాటికి జూలై మొదటి పది రోజులు. ఈసారి దీపావళి నవంబర్ 8న ఉంది, బంతి రెండో విడత కోతలకు ఆ గిరాకీ దొరుకుతది.

ఆదిలాబాద్ వైపు రేగడి నేలలోళ్లు ఈ తేదీలను అట్లనే దించుకోవద్దు. జూలై వానలకు నల్లమట్టి ఇరవై రోజులు పదును విడవదు, నారు నాటలేరు. ట్రేలల్ల పోసి పెట్టుకొని, వాన తెరిపి ఇచ్చినప్పుడు ఎత్తు మడుల మీద నాటుకోండి.

నారు, నాటు

పట్టుకుచ్చు గింజ నల్లగా, ఆవగింజ కంటే చిన్నగా మెరుస్తది. గ్రాముకు వెయ్యికి పైగా ఉంటయ్. ఐదు గుంటలకు నేను పది గ్రాములే వాడుత. గింజను ఇసుకల కలిపి చల్లి, పైన జల్లెడ పట్టిన ఎరువు పొడి కనబడీ కనబడనట్టు చల్లాలె. లోతుగ పడితే మొలవదు. వారం రోజులల్ల మొలుస్తది. బొగడబంతి గింజకు నూగు ఉంటది, నీళ్లను దగ్గరికి రానియ్యది. ఒక రాత్రి బీజామృతంల నానబెట్టి నీడల ఆరబెట్టి పోస్తే మొలక సమానంగా వస్తది, లేకపోతే రెండు వారాలు ముక్కుతది.

నారు కుళ్లు ఈ పంట అసలు శత్రువు. పట్టుకుచ్చు, గునుగు, బొగడబంతి మూడూ తోటకూర కుటుంబమే. తోటకూర మడి ఎట్ల ఒక్క రాత్రిల పడిపోతదో తెలుసు కదా, ఇవి కూడా అంతే. నారుమడి ఎత్తుగా ఉండాలె, ట్రైకోడెర్మా కలిపిన పశువుల ఎరువు వెయ్యాలె, పొద్దుగూకినంక నీళ్లు పెట్టొద్దు. మొలక పలుచగా ఉంటే సగం జబ్బు రాదు.

నాలుగైదు ఆకులు వచ్చినంక అంటే 25 రోజుల లోపలే నాటెయ్యాలె. నారు ముదిరితే పట్టుకుచ్చు అక్కడనే చిన్న తల వేసి కూర్చుంటది, తర్వాత ఎంత జీవామృతం పోసినా పెరగదు. పెద్ద తల వచ్చే కోడిజుట్టు రకానికి అడుగు దూరం, చివర తుంచొద్దు. ఒక మొక్కకు ఒకే తల. కుచ్చులాగా లేచే రకానికి మాత్రం జానెడు ఎత్తున చివర తుంచితే నాలుగైదు కొమ్మలు వస్తయ్. బంతికి కూడా తుంచుడు మంచిదే, నాటిన నెలకు. పండుగకు నలభై రోజుల లోపల తుంచితే మాత్రం పువ్వు వెనకబడుతది.

జీవామృతం అందరికి తెలిసిందే, మళ్ల కొలతలు రాయను. ఎకరానికి 200 లీటర్ల లెక్కన పదిహేను రోజులకోసారి నేలకు ఇస్తున్న. పూలల్ల నేను తెలుసుకున్నది రెండు మాటలు. ఎరువు ఎక్కువైతే పట్టుకుచ్చు ఆకు మీద పడి పువ్వు ఆలస్యమైతది, పోయిన పంట పప్పుజాతి అయితే దుక్కిల ఘనజీవామృతం సగం తగ్గించిన. రెండోది, మొగ్గ కనబడ్డంక జీవామృతం పైన పిచికారీ చెయ్యొద్దు. 2022లో నేను చేసిన. పువ్వు మీద పేడ మచ్చలు, వాసన. ఒక అక్క కుచ్చును వాసన చూసి "గౌరమ్మకు ఇదేం పువ్వు తమ్మీ" అని కింద పెట్టి పోయింది.

ఆకులను గూడు కట్టి తినే పచ్చ పురుగు ఆగస్టుల వస్తది. అది తోటకూర జాతి ఎక్కడుంటే అక్కడికి వస్తది. మొదట గూళ్లు చేతితోని తెంపి నలిపెయ్యాలె, ఎక్కువైతే నీమాస్త్రం. ఆకుమచ్చకు పుల్లటి మజ్జిగ పనిచేసింది, ముందే కొడితే. మచ్చ చేను మొత్తం పాకినంక ఏదీ పనిచెయ్యలే. టమాట రైతులకు ఒక మాట: పూలకు జాగ లేకపోయినా టమాట సాళ్ల మధ్య బంతి వరుసలు వెయ్యండి. కాయతొలిచే పురుగు తల్లి బంతి మీద గుడ్లు పెడుతది, బంతి వేర్లు నులిపురుగును తగ్గిస్తయ్. పువ్వు పైసలు మిగులు.

కోత

గునుగుకు పొడుగు, సన్నం చూస్తరు. కంకి వేలంత, కింద కాడ జానెడు. ఎందుకంటే ఇండ్లల్ల కంకి కొసలను రంగుల్ల ముంచి, కట్టలు కట్టి, కాడలు సమంగా కోసి వరుస పేరుస్తరు. వంకర గునుగు ఆ వరుసను చెడగొడుతది. దగ్గర దగ్గర మొలిస్తేనే గునుగు తిన్నగా లేస్తది, దూరంగా ఉంటే పొదలాగా పరుచుకుంటది. అందుకే గునుగును పలుచన చెయ్యను. కలుపు తీసే ఆడోళ్లకు ఇది నచ్చజెప్పుడే పెద్ద పని, చెయ్యి అలవాటుగ గునుగు మీదికే పోతది! పలుచన చెయ్యాల్సి వస్తే లేత ఆకు కూర వండుకోండి, పప్పుల వేస్తే బాగుంటది.

పొద్దు పొడవక ముందే కొయ్యాలె. కోసిన వెంటనే ఆకులు దూసెయ్యాలె, పట్టుకుచ్చుల ముందు వాడేది ఆకే, పువ్వు కాదు. ఆకు వాడిన కట్టను చూసి నిన్నటి పువ్వు అనుకుంటరు. కడిగిన బకెట్ల నీళ్లు పోసి కాడలు ముంచి నీడల పెట్టి, తడి గోనె కప్పి బండికి ఎక్కిస్త. మొదటి రోజు ఎంగిలిపూలకు, ఆఖరు రోజు సద్దులకు ఉన్న గిరాకీ నడుమ రోజుల్ల ఉండదు. నడుమ వచ్చిన పువ్వును తక్కువ ధరకు తెగనమ్మొద్దు, అదే ఎండబెట్టే సరుకు.

2025ల నా లెక్క చెప్త. ఐదు గుంటల్ల పట్టుకుచ్చు నాలుగున్నర వేల మొక్కలు. తొమ్మిది రోజుల్ల అమ్మింది మూడు వేల తలల కంటే కొంచెం తక్కువ, సగటున ఆరు రూపాయలు. అంటే పదిహేడు వేల చిల్లర. కూలి, బండి కిరాయి, నారు ఖర్చు కలిపి ఏడు వేలు పోయినయ్. ఎండబెట్టి అమ్మింది ఇంకో ఆరు వేల దాకా వచ్చింది. ఇది నా ఒక్కని లెక్క, మా టౌన్ లెక్క. ఊర్ల పది మంది ఇదే వేస్తే ధర ఇట్ల ఉండదు. అందుకే ఎకరాలకు ఎకరాలు వెయ్యమని నేను ఎవ్వరికీ చెప్తలేను. గుంటలల్ల మొదలుపెట్టండి.

ఎండు పూలు

2023లో మురిగిన తలలు కోసి పశువుల కొట్టం దండేనికి మా అమ్మ తలకిందులుగా వేలాడదీసింది, గింజ కోసం. మంచిగున్న తలలు కూడా కొన్ని అండ్ల పోయినయ్. సంక్రాంతికి కొట్టం ఊడుస్తుంటే చూసినం, అవి ఇంకా ఎర్రగనే ఉన్నయ్. కొట్టం చీకటి కాబట్టి రంగు పోలేదు. ఎండల ఆరబెట్టినవి చాటల్ల తెల్లబడి కూర్చున్నయ్. తర్వాత తెలుసుకున్నది ఏందంటే, మన దేశం నుంచి బయటికి పోయే పూల సరుకుల పెద్ద వాటా తాజా గులాబీలది కాదు, ఎండు పూలది, ఎండు కాయలది. తమిళనాడు తూత్తుకుడి, కలకత్తా నుంచి ఓడలెక్కుతయ్. పట్టుకుచ్చు, బొగడబంతి, తామర కాయ, పత్తి కాయ డొప్ప, అన్నీ.

ఎండబెట్టే తల పూర్తిగ నిండాలె, గింజ రాలే దశకు రావొద్దు. బొగడబంతికి ఒక పరీక్ష ఉంది: కాడను కింద పట్టుకొని ఊపండి, పువ్వు మెడ వంగి ఊగితే ఇంకా లేత, కాడ కర్రలాగా నిలబడితే కొయ్యొచ్చు. వాన పడ్డ రోజు, మంచు ఆరక ముందు కొయ్యొద్దు. పండుగకు కోసేది తెల్లారకట్ల, ఎండుకు కోసేది పదకొండు గంటలకు. ఆకులన్నీ దూసి, పది కాడలకు ఒక కట్ట. కట్టను దారంతోని కట్టొద్దు, రబ్బరు బ్యాండు వెయ్యండి. కాడ ఎండుతుంటే సన్నబడుతది, దారం కట్ట జారి రాత్రికి రాత్రే కింద పడుతది. చీకటి, గాలి రెండూ ఉన్న గది కావాలె. సెప్టెంబర్ తేమకు నేను టేబుల్ ఫ్యాన్ పెడుత. రెండు మూడు వారాలు.

కాడ విరిస్తే టక్కుమని విరగాలె. పట్టుకుచ్చుల కాడ విరిగినా తల లోపలి మడతల్ల తడి ఉంటది. ఇది నాకు డబ్బులు పోయినంక తెలిసింది. 2024ల హైదరాబాద్‌కు పంపిన నాలుగు అట్టపెట్టెలు బూజు పట్టినయని వాపస్ వచ్చినయ్. కొన్నోళ్ల తప్పు ఏమీ లేదు, నేను తొందరపడి పాలిథిన్ చుట్టిన. ఇప్పుడు ఎండినంక ఇంకో వారం పాత పేపర్ల మధ్య పెట్టి, ఒక తలను చీల్చి చూసి, అప్పుడే అట్టపెట్టెల పేరుస్తున్న. పురుగు పట్టకుండ ఎండిన వేపాకు వేస్తున్న.

తూత్తుకుడి ఎగుమతిదారులకు టన్నుల సరుకు కావాలె, అది మన గుంటల రైతుతోని కాదు. నా సరుకు కొనేది హైదరాబాద్‌ల పెండ్లి డెకరేషన్ చేసేటోళ్లు, రెసిన్ బొమ్మలు చేసే ఇద్దరు ముగ్గురు ఆడబిడ్డలు. వాళ్లకు పది కట్టలైనా చాలు, కానీ ప్రతి కట్ట ఒక్క తీరుగ ఉండాలె.

కాయలు, ఇచ్చోడ చలి

ఎండు కాయలకు వేరే పంట వెయ్యాల్సిన పని లేదు. ముదిరి ఎండిన బెండకాయ, నువ్వు కాయల కర్ర, పుంటికూర కాయలు, గెట్ల మీద చక్రం లాంటి కాయలు కాసే తుత్తురుబెండ, ఇవన్నీ అడుగుతున్నరు. ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ దగ్గర మా అక్కనిచ్చినం. బావకు ఆరెకరాల పత్తి. పత్తి తీసినంక కట్టె మీద మిగిలే ఎండు డొప్పలను ఏటా కాలబెట్టేటోడు. ఇప్పుడు నాలుగు సాళ్ల కట్టె నాకోసం ఆపుతున్నడు. డొప్పలు ఐదు రెక్కల పువ్వు లెక్కనే ఉంటయ్. గులాబి పురుగు తొలిచినవి, నల్లబడ్డవి ఏరెయ్యాలె. పురుగు ఉన్న డొప్పలు ఇంట్ల దాచిపెడితే వచ్చే ఏటి పత్తికి మనమే విత్తనం దాచినట్టు అయితది, ఫిబ్రవరి దాటకుండ మొత్తం తీసి మిగిలిన కట్టెను చేన్ల నుంచి తియ్యాలె.

అక్కవాళ్ల దగ్గర ఇంకో ప్రయోగం చేస్తున్నం. ఆదిలాబాద్ చలి తెలుసు కదా, డిసెంబర్, జనవరిల పది డిగ్రీల కిందికి పోతది. కరీంనగర్‌ల రాని చలిపూలు అక్కడ వస్తయ్. హెలిక్రైసమ్, స్టాటిస్ అని రెండు రకాలు, పుట్టుకతోనే గడ్డిపరకలాగా గరగరలాడే పువ్వులు. మనం కాగితం పువ్వు అనేది బోగన్‌విలియాను, హెలిక్రైసమ్ అది కాదు. అక్టోబర్‌ల నారు పోస్తే ఫిబ్రవరికి కోత. మార్చి ఎండ ముదిరితే మొక్క పోతది, అందుకే నారు దసరా దాటనియ్యొద్దు. హెలిక్రైసమ్ మొగ్గ విచ్చీ విచ్చనప్పుడే కొయ్యాలె, ఎండేటప్పుడు మిగతా రెక్కలు అవే విచ్చుకుంటయ్. పూర్తిగ విచ్చింది కోస్తే వెనక్కి తిరిగి నడుమ గింజ బయటపడుతది. పోయిన చలికాలం సగం మాకు అట్లనే పోయినయ్.

ఒక హెచ్చరిక. ఫారిన్ వీడియోలల్ల ఎండు కాయలు అంటే గసగసాల కాయ చూపిస్తరు. అందంగనే ఉంటది. కానీ లైసెన్సు లేకుండ గసగసాల మొక్క పెంచుడు 1985 మాదకద్రవ్యాల చట్టం కింద నేరం, మన రాష్ట్రంల దానికి లైసెన్సులు లేవు. అలంకారానికి పది మొక్కలే అన్నా జైలే. ఉమ్మెత్త కాయ అడుగుతరు, అది కూడా నేను ఇయ్యను. పిల్లలున్న ఇంట్ల ఆ గింజ విషం.

గింజ

మంచి తలలను పండుగకు ముందే చూసి గుడ్డపేలిక కట్టి పెట్టుకోండి. అమ్మగా మిగిలింది గింజకు వదిలితే ఏటేటా తల చిన్నదైతది. పట్టుకుచ్చు గింజ తల పైన ఉండదు, కింద పక్కల నూగు మధ్య సన్న కాయలు ఉంటయ్, పండితే మూత ఊడినట్టు విచ్చుకుంటయ్. తల కోసి బేసిన్‌ల తట్టి, చేటల చెరిగితే నల్ల గింజ మిగుల్తది. ఎర్రది, పచ్చది పక్కపక్కన వేస్తే రంగులు కలుస్తయ్. నేను ఎరుపు నా చేన్ల, పచ్చది అక్కవాళ్ల దగ్గర ఉంచిన. హైబ్రిడ్ బంతి గింజ దాచొద్దు, తల్లి తీరుగ రాదు. ఊర్ల ముద్దబంతి అయితే దాచుకోవచ్చు.

గునుగు మాత్రం గింజకు ఒక్క మడే వదలాలె. మిగతాది కంకి అడుగు గోధుమ రంగు తిరగక ముందే నేలకు కోసి పశువులకన్న వెయ్యండి, ఎండు కట్టలన్న కట్టండి. 2022ల నేను వదిలేసిన మూడు గుంటల్ల ఇప్పటికీ ప్రతి తొలకరికి గునుగు మొలుస్తున్నది. మా బాపు అది చూపించి నవ్వుతడు. పోయిన దసరాకు మాత్రం ఆయనే పొద్దున నాలుగు గంటలకు లేచి ఆ మూడు గుంటల గునుగు కోసి, కట్టలు కట్టి, నాకు చెప్పకుండ బస్సుల వేసుకొని కరీంనగర్ పోయి అమ్ముకొచ్చిండు. ఎంత వచ్చిందో ఇప్పటిదాకా చెప్పలే.

జూన్ 25న మొదటి మడి పోసేటప్పుడు వీడియో తీస్త, గింజను ఇసుకల కలిపే పాళ్లు అండ్ల చూపిస్త.